సోరా: నాలుగు ధ్వనుల పేరు

1931లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం ఇంగ్లీషులో రాసిన ఒక వ్యాకరణాన్ని అచ్చువేసింది. దాని పేరులో భాష పేరు దగ్గర కన్ను ఆగిపోతుంది. ఎస్, ఓ, పక్కన నిలువుగా రెండు చుక్కలు. ఆర్, ఏ, పక్కన మళ్లీ రెండు చుక్కలు. తెలియనివాళ్లకు అచ్చుతప్పులా కనిపించే ఆ చుక్కలు దీర్ఘానికి గుర్తులు. స్, ఓ, ర్, ఆ. మనం సవరలని పిలిచే జనం తమను తాము చెప్పుకునే పేరులో ధ్వనులు నాలుగని, అందులో అచ్చులు రెండూ సాగేవేనని పుస్తకం తెరవకముందే తెలిసిపోతుంది. రాసినవారు గిడుగు వేంకట రామమూర్తి.

ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. వాడుకభాష కోసం పండితులతో పోరాడిన ఆ గిడుగును గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. తూర్పు కనుమల కొండల్లో ఒక భాషను ధ్వని వెంట ధ్వనిగా విని, విడదీసి, లెక్కగట్టిన గిడుగు గురించి రాసినవాళ్లు తక్కువ. ఆ పనితనం దగ్గర కాసేపు ఆగాలని ఈ వ్యాసం.

ఒక మాటలో ఎన్ని ధ్వనులున్నాయో చెప్పడం తేలికే అనిపిస్తుంది. ఇంగ్లీషు మాటలతో ప్రయత్నిస్తే కష్టం వెంటనే తెలుస్తుంది. 'బాక్స్' రాయడానికి మూడక్షరాలు చాలు, పలకడానికి నాలుగు ధ్వనులు కావాలి: బ్, ఆ, క్, స్. చివరి ఎక్స్ ఒక్కటే రెండు ధ్వనుల్ని మోస్తోంది. 'ఎయిట్' సంగతి దీనికి తలకిందులు. అక్షరాలు ఐదు, ధ్వనులు రెండే, ఎందుకంటే 'ఎయి' అన్నది నాలుక జారుతూ పలికే ఒకే అచ్చు. 'సింగర్', 'ఫింగర్' తీసుకోండి. తెలుగులో రాస్తే మొదటి హల్లు తప్ప మిగతాదంతా ఒక్కటే. ఇంగ్లీషులోనూ రెండిటికీ ఆరేసి అక్షరాలు. కానీ బ్రిటిష్ పలుకుబడిలో సింగర్‌కి 'గ్' లేదు. స్, ఇ, ఙ్, అ, అంతే, నాలుగు. ఫింగర్‌కి 'గ్' ఉంది, కాబట్టి ఐదు. 'స్ట్రెంగ్త్' అన్న మాట దగ్గరికొస్తే తెలిసినవాళ్లే రెండుగా చీలిపోతారు. ఆరు ధ్వనులని కొందరు, ఙ్ తర్వాత సన్నగా వినబడే 'క్'ని కూడా కలిపి ఏడని కొందరు.

ఇక్కడ చెవి ఒక్కటే సరిపోదు, తీర్పు కూడా కావాలి. ఇంగ్లీషువాళ్లు గుండుసూదిని 'పిన్' అనేటప్పుడు ప్ తర్వాత గాలి బలంగా బయటికొస్తుంది, దాదాపు మన ఒత్తు ఫ లాగా. 'స్పిన్' అనేటప్పుడు ఆ గాలి ఉండదు. నిజానికి అవి రెండు వేర్వేరు పలుకులు. అయినా ఇంగ్లీషు లెక్కలో రెండూ ఒక్కటే, ఎందుకంటే ఆ తేడా వల్ల ఆ భాషలో ఏ మాటకూ అర్థం మారదు. అదే తేడా హిందీలో 'పల్' అంటే క్షణం, 'ఫల్' అంటే పండు అయ్యేలా చేస్తుంది. కాబట్టి అక్కడ అవి రెండు. బ్రిటిష్ ఇంగ్లీషుకు సాధారణంగా చెప్పే 44 ధ్వనులు, అంటే 24 హల్లులూ 20 అచ్చులూ, ఇలాంటి తీర్పుల తర్వాత మిగిలిన సంఖ్య. విన్న ప్రతి చప్పుడునూ రాస్తే వందలు తేలతాయి. ఏ చప్పుడు మాటను మారుస్తుందో కనిపెట్టి దానికే గుర్తు ఇవ్వడంలో ఉంది అసలు పని.

తెలుగువాళ్లం మరో లెక్కలో పెరిగాం. మన ఏకకం అక్షరం. 'స్త్రీ' మనకు ఒకటే. అందులో స్, త్, ర్, ఈ అని నాలుగున్నాయని చెప్పడానికి ఒక్క నిమిషం ఆలోచించాలి. గురులఘువులు, గణాలు, యతిప్రాసలు చదువుకున్న చెవికి మాత్రల లెక్క చిటికెలో వస్తుంది. పాణిని సంప్రదాయం మాహేశ్వర సూత్రాలు పద్నాలుగింటిలో ధ్వనుల్ని విడివిడిగా వరుసపెట్టింది కనుక, విడదీసి చూడటం ఈ దేశానికి కొత్తా కాదు. కానీ బడిలో పలక మీద దిద్దేది గుణింతం. హల్లూ అచ్చూ అతుక్కునే చేతికొస్తాయి. క అన్నదాన్ని క్, అ అని కోసి చూసే అవసరం మామూలు మనిషికి రాదు.

గిడుగుకు వచ్చింది. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, విజయనగరంలో గురజాడ అప్పారావుతో కలిసి చదువుకుని, 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో పంతులుగా చేరారు. పర్లాకిమిడి అప్పుడు మద్రాసు రాష్ట్రపు గంజాం జిల్లాలోది. ఊరి వెనకాలే కొండలు, కొండల మీద సవరలు. సంతకు దిగివచ్చే వాళ్ల మాట ఊళ్లో ఎవరికీ పట్టదు. అది తెలుగుకు గానీ ఒడియాకు గానీ చుట్టం కాదు. ముండా కుటుంబానిది; దూరపు బంధువుల్ని వెతుక్కుంటూ పోతే కంబోడియా ఖ్మేర్ దాకా, వియత్నాం దాకా పోవాలి. అలాంటి భాషను, తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని, ఈయన నేర్చుకున్నారు. మొదట తెలుగు లిపిలోనే సవర వాచకాలు, పాటలు, కథలు, తెలుగు-సవర, సవర-తెలుగు నిఘంటువులు తయారుచేశారు. సవర పిల్లలకు బడులు పెట్టించారు. ఆ తర్వాత వచ్చిన పెద్ద పుస్తకాల్లో, అంటే 1931 వ్యాకరణంలో, 1938 సవర-ఇంగ్లీషు నిఘంటువులో, తెలుగు లిపిని పక్కనపెట్టి అంతర్జాతీయ ధ్వనిలిపి పద్ధతిని పట్టుకున్నారు. 1886లో పారిస్‌లో పాల్ పాసీ అనే భాషాబోధకుడూ ఆయన తోటి ఉపాధ్యాయులూ మొదలుపెట్టిన సంఘం తయారుచేసిన లిపి అది. ఇంగ్లీషు వర్ణక్రమం పిల్లల్ని ఎంత తిప్పలు పెడుతుందో చూసిన పంతుళ్ల పని. మన కొండల్లో దాన్ని అందుకున్నదీ ఒక బడిపంతులే.

లిపి ఎందుకు మార్చారు? సవర భాష వింటే కారణం తెలుస్తుంది. ఆ భాషలో నీళ్లకు వాడే మాటలో రెండు 'అ'లు పక్కపక్కన వస్తాయి, వాటి మధ్య గొంతు ఒక్క క్షణం పూర్తిగా మూసుకుని తెరుచుకుంటుంది. పెదవులు కదలవు, నాలుక కదలదు. వినిపించేది చప్పుడు కూడా కాదు, చప్పుడు తెగడం. లండన్‌లో కొందరు 'బటర్' అన్నప్పుడు నడిమి ట్‌ని మింగేస్తారే, అదే ఇది. ఇంగ్లీషులో దీనికి అక్షరం లేదు, 44 లెక్కలో చోటూ లేదు, అక్కడ అది ట్‌కి ఒక వేషం మాత్రమే. సవరలో అది తనంతట తాను ఒక హల్లు. దాన్ని వదిలేస్తే మాట మాట కాదు. ఒకే గొంతు చర్యకు ఒక భాషలో విలువ సున్నా, మరో భాషలో ఒకటి. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు తప్ప వినని చెవికి ఆ తెగు ముందు వినబడనే వినబడదు. విన్నా, మాట్లాడే మనిషి ఊపిరి తీసుకున్నాడేమో అనుకుని వదిలేస్తారు. వదిలేయకుండా దానికి ఒక హల్లు హోదా ఇవ్వడం దగ్గర నాకు ఈ మనిషి మీద గౌరవం మొదలవుతుంది.

మాట చివర వచ్చే హల్లులు ఇంకా కష్టం. సవరలో మాట చివరి బ్, ద్, గ్ లాంటివి మన పొల్లుహల్లులా విడవవు. ముందు గొంతు బిగుసుకుంటుంది, తర్వాత నోరు మూసుకుంటుంది, అక్కడితో సరి. తెలుగువాడి నోరు ఆగలేదు, చివర ఒక ఉకారం తగిలించేదాకా ఊరుకోదు. 'బస్సు', 'కారు', 'పెన్ను' అని ఇంగ్లీషు మాటలన్నిటికీ మనం చేసింది అదే. బస్ అంటే మూడు ధ్వనులు. బస్సు అనేసరికి ఐదయ్యాయి. బడిపంతులుగా తన పిల్లల నోళ్లలో రోజూ వినే ఈ ఉకారాన్ని, సవర మాట రాసేటప్పుడు తన కలానికి అంటకుండా చూసుకోవాలి. ఆ జాగ్రత్త ఆయన పేజీల్లో కనిపిస్తుంది.

ఇక అసలు సొగసు వ్యాకరణంలో ఉంది. 1931 పుస్తకంలోని ఒక ఉదాహరణను తెలుగు లిపిలో సుమారుగా రాస్తే 'ఞమ్‌కిద్‌తమ్' అవుతుంది. ఒకే మాట. అర్థం: పులి నిన్ను పట్టుకుంటుంది. 'ఞమ్' అంటే పట్టు. 'కిద్' అంటే పులి. విడిగా చెప్పేటప్పుడు పులికి 'కినా' లాంటి మాట ఉంది, క్రియలోకి దూరేటప్పుడు అది ఇలా కుదించుకుంటుంది. 'త్' అన్న ఒక్క హల్లు ఈ పని ఇంకా జరగలేదని చెబుతుంది. 'అమ్' అంటే నిన్ను. ఆ 'త్' స్థానంలో 'ల్' వచ్చిందంటే పని జరిగిపోయింది. పులి పట్టబోయేదీ పట్టేసిందీ తేడా ఒక్క హల్లులో ఉంది.

ఇప్పుడు దీన్ని మన అక్షరాల లెక్కలో కూర్చండి: ఞ, మ్కి, ద్త, మ్. పట్టు అన్న మాట తోక పులి తలకు అతుక్కుంది. పులి తోక, కాలం చెప్పే హల్లు, నిన్ను అన్న మాట తల, మూడూ కలిసి 'ద్త' అనే ఒకే సంయుక్తాక్షరంగా గడ్డకట్టాయి. ఏ భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కంటికి కనపడదు. తొమ్మిది ధ్వనులుగా విడదీస్తే, ఞ్, అ, మ్, క్, ఇ, ద్, త్, అ, మ్, కోత ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. అప్పుడు ఒంటరి 'త్' చేతికి చిక్కుతుంది. భాషలోని కాలవిభాగమంతా నిలబడి ఉన్నది దాని మీద, దాని జోడు 'ల్' మీద. ధ్వనులు లెక్కపెట్టడం ఇక్కడ ఉచ్చారణ సరిచేసుకునే పని మాత్రమే కాదు, వ్యాకరణం దొరికే దారి కూడా. రామమూర్తి లిపి మార్చడానికి ఇంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదని నా నమ్మకం.

ఈ ఉదాహరణ చిన్నదైనా చాలా దూరం వెళ్లింది. నామవాచకం క్రియలో కలిసిపోవడం అమెరికా ఆదివాసుల భాషల్లోనూ ఉంది. కానీ మామూలుగా అలా కలిసేది పనికి గురయ్యేది: చేప పట్టడంలో చేప, కట్టె కొట్టడంలో కట్టె. సవరలో అలాంటివి ఎలాగూ ఉన్నాయి. పులి వాక్యంలో మాత్రం క్రియలో దూరింది పట్టే పులి, అంటే కర్త. అలా జరగదని సూత్రం కట్టే సిద్ధాంతులకు ఇది ఇరకాటం. అందుకే పర్లాకిమిడి పంతులు రాసిన ఆ ఒక్క మాట ఈనాటికీ ప్రపంచ భాషాశాస్త్ర గ్రంథాల్లో తిరుగుతోంది.

మాట నడిమధ్య ధ్వనులు చొప్పించి కొత్త మాట చేయడం సవరలో మరో పద్ధతి. 'కుఙ్' అంటే గొరగడం. మొదటి హల్లు తర్వాత 'అన్' చొప్పిస్తే 'కనుఙ్', అంటే గొరిగే కత్తి. కు అన్న అక్షరాన్ని క్, ఉ అని చీల్చితేనే ఆ చొప్పింపు కనిపిస్తుంది, లేకపోతే రెండూ సంబంధం లేని మాటల్లా ఉండిపోతాయి. ఖ్మేర్‌లోనూ ఇలాంటి పద్ధతి ఉందని తెలిసినప్పుడు ఈ కొండల నుంచి మెకాంగ్ దాకా ఒక పాత దారి కనిపిస్తుంది. సవర అంకెలూ అంతే ముచ్చటైనవి. పన్నెండు దాకా వేర్వేరు పేర్లున్నాయి. ఆపైన పన్నెండూ-ఒకటి, పన్నెండూ-రెండు అంటూ పోయి, ఇరవై దగ్గర కొత్త కట్ట మొదలవుతుంది. ముప్ఫైతొమ్మిదిని ఇరవై, పన్నెండు, ఏడు అని చెబుతారు.

పర్లాకిమిడి నుంచి కనుమల వెంట దక్షిణానికి వస్తే అరకు. ఇక్కడ ఒక సంత తిరిగితే కూబి, కువి, ఆదివాసీ ఒడియా, పోర్జ, గదబ, తెలుగు, అన్నీ చెవినపడతాయి. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉన్న రోజుల్లో, 1950ల చివర, ఈ లోయకు వచ్చి కొండదొరల భాష కూబిని రాసుకున్నారు. ఆ పుస్తకం 1969లో హైదరాబాదులోని గిరిజన సంస్కృతి పరిశోధన శిక్షణ సంస్థ నుంచి వచ్చింది. మనకు దగ్గరి ద్రావిడ బంధువైన ఆ భాషలో ఆయన తేల్చిన లెక్క తెలుగు చదువరి ఒకటికి రెండుసార్లు చదువుకోవాల్సింది.

పాత తెలుగులో ర వేరు, ఱ వేరు. 'ఏరు' అంటే ఏరుకోవడం, 'ఏఱు' అంటే వాగు. పాత కవులు ప్రాసలో ఈ రెండిటినీ కలపకుండా జాగ్రత్తపడేవారు. తర్వాత నోట రెండూ ఒకటైపోయాయి. బండిరా, అంటే ఱ, వ్యాకరణంలో ఒక నియమంగా, అక్షరమాలలో ఒక బొమ్మగా మిగిలింది. అరకు కొండల్లో అది బొమ్మ కాదు. కూబిలో నాలుక ఒక్కసారి తగిలే ర, నాలుక అదిరే ఱ ఇప్పటికీ రెండు. అంతటితో ఆగలేదు. అదే అదురును గొంతు మోగకుండా గాలితోనే పలికితే మూడోది వస్తుంది. తమిళంలో ఱ్ఱ, తెలుగులో ట్ట వచ్చే కొన్ని చోట్ల కూబి ఈ మోగని ఱను పెట్టుకుంది. మనం ఒక్కటిగా వినే చోట వాళ్లు మూడు వింటారు. దానికి తోడు, సవరలో చూసిన గొంతు తెగు కూడా కూబి హల్లుల్లో ఒకటి. కృష్ణమూర్తి ఆ మూడింటికీ మూడు గుర్తులు పెట్టి, ప్రతిదాన్నీ అర్థం మారే జంట మాటలతో నిలబెట్టారు. మూల ద్రావిడంలో ర, ఱ వేర్వేరని చెప్పడానికి రాతలో మిగిలిన సాక్ష్యం ఒకటైతే, నోట మిగిలిన సాక్ష్యం ఇది. ఆ సాక్ష్యం అప్పుడు చెప్పినవాళ్లలో చాలామందికి అక్షరాలు రాకపోవచ్చు. వాళ్ల నాలుక మాత్రం తప్పదు.

మళ్లీ గిడుగు దగ్గరికి వస్తే, సవర భాష మీద చేసిన పనికి ఆయన శరీరంతో మూల్యం చెల్లించారు. మన్యంలో తిరిగి తెచ్చుకున్న జ్వరాలకు క్వినైన్ వాడి వాడి ఆయనకు చెవుడు వచ్చిందని జీవిత చరిత్రలు చెబుతాయి. గొంతు తెగును పట్టుకున్న చెవి అది. 1936 ఏప్రిల్ 1న పర్లాకిమిడి కొత్త ఒడిశా రాష్ట్రంలోకి వెళ్లినప్పుడు, యాభై ఏళ్లు దాటి ఉన్న ఊరిని వదిలి ఆయన రాజమండ్రి చేరారు. సవర-ఇంగ్లీషు నిఘంటువు ఆ తర్వాత రెండేళ్లకు వెలువడింది. 1940 జనవరిలో కన్నుమూశారు. కొడుకు సీతాపతి సవరల మీద రాయడం కొనసాగించారు.

గిడుగు పర్లాకిమిడి విడిచిన ఆ 1936లోనే సవరల్లో మంగెయ్ గొమాంగో అనే ఆయన తమ భాషకు తమదైన లిపిని రూపొందించారు. సొరంగ్ సొంపెంగ్ అని దాని పేరు. 2012లో అది యూనికోడ్‌లో చేరింది. ధ్వనిలిపిలో రాసిన పుస్తకం పండితుల కోసం, ఈ లిపి సవరల కోసం. రెండిటి అవసరమూ వేరు. ఒకదాన్ని మెచ్చుకోవడానికి ఇంకోదాన్ని తగ్గించనక్కర్లేదు.

2004 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవర, కొండ (కూబి), కువి, ఆదివాసీ ఒడియాలతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టింది. వాచకాలు తెలుగు లిపిలో వచ్చాయి. పిల్లవాడు తర్వాత తెలుగులోకి రావాలి కాబట్టి ఆ నిర్ణయానికి అర్థముంది. కానీ రామమూర్తి ఎదుర్కొన్న చిక్కులన్నీ ఆ వాచకాలు రాసేవాళ్ల ముందూ నిలబడతాయి: తెగుకు ఏ గుర్తు, విడవని హల్లుకు ఏ గుర్తు, మోగని ఱకు ఏ గుర్తు. ఈ గుర్తులు తప్పితే నష్టపోయేది ఒకటో తరగతి పిల్లవాడు. ఇంట్లో తను అనే మాటా పుస్తకంలో పంతులు చదివే మాటా ఒకటి కావని వాడు మొదటి వారంలోనే కనిపెట్టేస్తాడు. అదే పిల్లవాడు రేపు 'సింగర్', 'ఫింగర్' దగ్గరికి వస్తాడు. తన భాషలో ఉన్న ఙ్‌ని, తెగిన గొంతును, విడవని హల్లును ఒక్కొక్కటిగా వేళ్ల మీద లెక్కపెట్టడం అలవాటైతే, 'బస్' చివర ఉకారం తగిలించకుండా మూడు ధ్వనుల దగ్గర ఆగడం మైదానం పిల్లలకంటే వాడికే తేలిక, ఎందుకంటే హల్లు దగ్గర మాట ఆపడం వాడికి పుట్టుకతో వచ్చిన విద్య. సీతంపేట, పాడేరు, అరకు బడుల్లో ఇంగ్లీషు చెప్పే పంతుళ్ల శిక్షణలో 1931 నాటి ఆ వ్యాకరణంలోంచి పది పేజీలైనా పెట్టాలి. సవర మాటల్ని ఆ పేజీలతో పాటు తరగతిలో పలికించి, ఎన్ని ధ్వనులో ముందు పిల్లల్నే అడగాలి.